కమ్యూనిటీ కాలేజీ పాఠంలోకి ఇంకో దేశపు క్లాసును తీసుకురావడం ఎలా?

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీల్లో పాఠాలు చెప్పే తెలుగువాళ్లు చాలా ఊళ్లలో కనిపిస్తారు. కొందరు ఫుల్‌టైమ్. కొందరు పగలు వేరే ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రం ఒకటి రెండు సెక్షన్లు తీసుకునే అడ్జంక్టులు. ఈ వ్యాసం ముందుగా వాళ్ల కోసం. ఆ తర్వాత, ఏదో ఒక రోజు అలాంటి వాళ్ల నుంచి "మన పిల్లలు కలిసి ఒక ప్రాజెక్టు చేస్తే ఎలా ఉంటుంది?" అని మెయిల్ అందుకోబోయే ఆంధ్ర, తెలంగాణ డిగ్రీ కాలేజీ లెక్చరర్ల కోసం.

కాలేజీలో ఏడాదికోసారి ఇంటర్నేషనల్ డే పేరుతో జెండాలు కట్టి, సమోసాలు పంచితే ఆ పూట సందడిగానే ఉంటుంది. కానీ ఆ గంటలో డ్యూటీలో ఉన్న విద్యార్థికి అది అందదు, వచ్చినవాళ్లకు కూడా తిన్న రుచి తప్ప పెద్దగా ఏమీ మిగలదు. ఇంకో దేశంతో పరిచయం నిజంగా కలగాలంటే అది విద్యార్థి ఎలాగూ తీసుకోక తప్పని కోర్సులో ఉండాలి, ఆ సబ్జెక్టులోనే ఉండాలి, దానికి మార్కులుండాలి. కింద చెప్పే పద్ధతి అంతా దీనిమీదే ఆధారపడి ఉంది.

ముందు మీ క్లాసులో ఎవరున్నారో తెలుసుకోండి

ఇలినాయ్‌లోని జోలియట్ జూనియర్ కాలేజీ 1901లో మొదలైంది. ఇప్పటికీ నడుస్తున్న ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీల్లో అదే అన్నిటికన్నా పాతది. ప్రెసిడెంట్ ట్రూమన్ వేసిన ఉన్నత విద్యా కమిషన్ 1947లో ఇచ్చిన నివేదికతో కమ్యూనిటీ కాలేజీ అన్న పేరు దేశమంతా వాడుకలోకి వచ్చింది. ఇల్లు వదలకుండా, తక్కువ ఫీజుతో చుట్టుపక్కల వాళ్లు చదువుకోవాలన్నది మొదటి నుంచీ దీని ఉద్దేశం. అందుకే మీ ముందు కూర్చున్నవాళ్లలో చాలామందికి ఊరు వదలలేని కారణాలు ఉంటాయి. రాత్రి గోడౌన్‌లో షిఫ్టు చేసి పొద్దున క్లాసుకు వచ్చే కుర్రాడు ఉంటాడు. ఇద్దరు పిల్లల తల్లి ఉంటుంది. చిన్నప్పుడు తల్లిదండ్రులతో వచ్చి, ఇప్పటికీ సరైన కాగితాలు లేక, దేశం దాటితే తిరిగి రాగలమో లేదో అన్న భయంతో బతికేవాళ్లూ ఉంటారు. వీళ్లకు "ఒక సెమిస్టర్ స్పెయిన్‌లో చదవండి" అన్న పోస్టర్ వల్ల ఏ ఉపయోగమూ లేదు.

మొదటి వారంలో పేర్లు రాయక్కర్లేని చిన్న ప్రశ్నపత్రం ఇవ్వండి. వారానికి ఎన్ని గంటలు పని చేస్తారు, ఇంట్లో ఏ భాషలు మాట్లాడతారు, ఇంటర్నెట్‌కు ఫోన్ వాడతారా ల్యాప్‌టాపా, క్లాసు టైం కాకుండా వారంలో ఒక గంట దొరుకుతుందా, ఎప్పుడైనా దేశం బయటికి వెళ్లారా అని అడిగితే చాలు. వీసా, పౌరసత్వం గురించి మాత్రం ఎప్పుడూ, ఏ రూపంలోనూ అడగకండి. ఇంట్లో మాట్లాడే భాషల జవాబులు చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. మీరు బయటినుంచి తేవాలనుకున్న ప్రపంచంలో కొంత భాగం అప్పటికే ఆ గదిలో ఉంటుంది. అయితే వాళ్లను లేపి నిలబెట్టి "మీ దేశం గురించి చెప్పు" అనకండి. వాళ్లు ముందుగా మీ కోర్సు విద్యార్థులు. ఒక దేశానికి ప్రతినిధులుగా ఉండటం వాళ్ల బాధ్యత కాదు.

సిలబస్‌లో ఒకే ఒక అంశం ఎంచుకోండి

రెండు దేశాల టీచర్లు తమ తమ కోర్సుల్లో కొన్ని వారాల పనిని కలిపి చేయించే పద్ధతికి అమెరికాలో కాయిల్ అనే పేరు స్థిరపడింది. కొలాబరేటివ్ ఆన్‌లైన్ ఇంటర్నేషనల్ లెర్నింగ్ అన్నదానికి అది పొట్టి రూపం. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సినిమా పాఠాలు చెప్పిన జాన్ రూబిన్ 2006లో దీనికోసం ఒక కేంద్రం పెట్టారు. ఇందులో ఎవరి కోర్సు వాళ్లదే, ఎవరి మార్కులు వాళ్లవే. మధ్యలో నాలుగు నుంచి ఆరు వారాలు మాత్రం రెండు క్లాసుల విద్యార్థులు చిన్న జట్లుగా కలిసి పని చేస్తారు. విమానం టికెట్ అవసరం లేదు. కమ్యూనిటీ కాలేజీకి ఇంతకన్నా సరిపోయే పద్ధతి నాకు కనిపించలేదు.

అంశం ఎంచుకునేటప్పుడు రెండు ప్రశ్నలు వేసుకోండి. అవతలి కాలేజీ లేకపోయినా ఇది నా సిలబస్‌లో ఉండేదేనా? ఆ ఊళ్లో, ఈ ఊళ్లో ఇది వేరువేరుగా కనిపిస్తుందా? రెంటికీ అవునని జవాబు వస్తేనే ముందుకు వెళ్లండి. "భారతీయ సంస్కృతి, అమెరికన్ సంస్కృతి" లాంటి అంశం పెట్టుకుంటే రెండో వారానికే దోశల గురించి, బర్గర్ల గురించి మాట్లాడుకుని ఆగిపోతారు.

నేను అందరికీ చెప్పే ఉదాహరణ నీళ్లలో ఫ్లోరైడ్. మొదటి ఏడాది కెమిస్ట్రీలో గానీ పర్యావరణ శాస్త్రంలో గానీ గాఢత, అవక్షేపం, నీటి నాణ్యత ఎలాగూ చెబుతారు. మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్ 1945 జనవరిలో, పళ్లు పుచ్చిపోకుండా ఉండాలని ఊరి మంచినీళ్లలో ఫ్లోరైడ్ కలిపింది. అలా చేసిన మొదటి నగరం ప్రపంచంలో అదే. దానికి కొన్నేళ్ల ముందే, 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీ నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు వంకరపోతున్న మనుషుల గురించి వైద్యులు రాశారు. నల్గొండ జిల్లా ఈ బాధను తరాల తరబడి మోసింది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసేయడానికి నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు సున్నం, పటికలతో రూపొందించిన పద్ధతికి పేరే నల్గొండ టెక్నిక్. ఒక చోట నీళ్లలో కలుపుతున్న దాన్నే ఇంకో చోట నీళ్లలోంచి తీయాల్సి వస్తోంది. ఈ రెండు ఊళ్ల విద్యార్థులు ఎదురెదురుగా కూర్చుంటే ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి.

అమెరికాది ఆరోగ్యం కథ, మనది రోగం కథ అని గీత గీయకండి. కొలరాడో స్ప్రింగ్స్‌లో జనం పళ్లమీద గోధుమరంగు మచ్చలు ఎందుకున్నాయని ఫ్రెడరిక్ మెకే అనే డెంటిస్టు 1901లో వెతకడం మొదలుపెట్టాడు. కారణం నీళ్లలోని ఫ్లోరైడేనని 1931లో తేలింది. ఇటు చూస్తే 2025లో యూటా రాష్ట్రం మంచినీళ్లలో ఫ్లోరైడ్ కలపడాన్నే నిషేధించింది. అక్కడా ఎక్కువైన చోట్లున్నాయి, అక్కడా వాదన నడుస్తోంది. మీ విద్యార్థులు ఈ సంగతి ముందే తెలుసుకుని వస్తే అవతలివాళ్లను జాలిగా చూడరు.

మీది కెమిస్ట్రీ కాకపోతే? అకౌంటింగ్ క్లాసులో చిన్న కిరాణా కొట్టు లెక్కలు రెండు చోట్లా ఎలా రాస్తారో, అమ్మకం పన్ను, జీఎస్‌టీ ఎలా కడతారో పోల్చవచ్చు. నర్సింగ్‌లో షుగర్ పేషెంటుకు తిండి గురించి చెప్పే సలహా తీసుకోవచ్చు. స్టాటిస్టిక్స్‌లో రెండు క్లాసులూ ఒకే సర్వే చేసి లెక్క కట్టవచ్చు.

అవతలి టీచర్‌ను వెతకండి

మొదట కాలేజీని వెతికేవాళ్లు ఎక్కువ. మీరు మనిషిని వెతకండి. ఎంఓయూ మీద సంతకాలు పెట్టి, శాలువాలు కప్పి, ఫొటో దిగి ఆ తర్వాత ఒక్క క్లాసూ జరగని ఒప్పందాలు రెండు దేశాల్లోనూ ఉన్నాయి. ఒక లెక్చరర్‌కు నిజంగా ఇష్టం ఉంటే ప్రిన్సిపాల్ సంతకం తర్వాత వస్తుంది. మీరు చదివిన కాలేజీలో ఇప్పుడు పాఠం చెబుతున్న జూనియర్, ఎమ్మెస్సీలో మీ పక్క బెంచీ స్నేహితురాలు, వాళ్లకు తెలిసినవాళ్లు. తెలుగు టీచర్‌కు ఉన్న పెద్ద బలం ఈ పరిచయాలే, వాడుకోండి. ఇండియా కాకుండా వేరే దేశం కావాలనుకుంటే, 1976 నుంచి పనిచేస్తున్న కమ్యూనిటీ కాలేజెస్ ఫర్ ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్ అనే సంఘంలో మీ కాలేజీ సభ్యత్వం ఉందేమో చూడండి. అరబ్ దేశాల క్లాసులతో ఆన్‌లైన్ పరిచయాలకు ఆస్పెన్ ఇన్‌స్టిట్యూట్‌లోని స్టీవెన్స్ ఇనిషియేటివ్ 2015 నుంచి సాయం చేస్తోంది.

మొదటి మెయిల్ చిన్నదిగా ఉండనివ్వండి. మీ కోర్సు ఏమిటి, ఎంతమంది, ఏ నెలల్లో, ఏ అంశం, అవతలివాళ్లు వారానికి ఎంత సమయం పెట్టాలి. అంతే. దాంతోపాటు "మీ విద్యార్థులకు దీనివల్ల ఏం రావాలని మీరు అనుకుంటున్నారు?" అని తప్పకుండా అడగండి. ఈ ప్రశ్న అడగకపోతే అవతలి విద్యార్థులు మీ విద్యార్థుల రిపోర్టుకు సమాచారం అందించేవాళ్లుగా మిగిలిపోతారు. నా దృష్టిలో ఈ పనిలో జరిగే పెద్ద అన్యాయం అదే.

ఇప్పుడు డిగ్రీ కాలేజీ లెక్చరర్లకు ఒక మాట. అటానమస్ కాలేజీ అయితే సిలబస్‌లో, ఇంటర్నల్స్‌లో మార్పులు చేయడం కొంత తేలిక. యూనివర్సిటీ సిలబస్‌తో నడిచే కాలేజీ అయితే అసైన్‌మెంట్‌గానో, ప్రాజెక్టుగానో పెట్టుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ విద్యార్థులు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేస్తారు కాబట్టి ఊళ్లో సర్వే చేయడం వాళ్లకు కొత్త కాదు. ఆ సర్వేలో నీళ్ల ప్రశ్నలు నాలుగు చేర్చినా చాలు. కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ వాళ్లు బయటి సంస్థలతో కలిసి చేసిన పనుల గురించి అడుగుతారు, ప్రిన్సిపాల్‌గారితో మాట్లాడేటప్పుడు అది గుర్తుచేయండి. కానీ మీరు ఒప్పుకునే కారణం మాత్రం మీ విద్యార్థులే కావాలి.

క్యాలెండర్, గడియారం

అమెరికాలో ఫాల్ సెమిస్టర్ ఆగస్టు చివర మొదలై డిసెంబర్ మధ్యలో ముగుస్తుంది. మన డిగ్రీ సెమిస్టర్ తేదీలు ఏడాదికోలా మారుతుంటాయి. దసరా సెలవులు, ఇంటర్నల్ పరీక్షలు, అటువైపు మిడ్‌టర్మ్‌లు, నవంబర్ చివర్లో థాంక్స్‌గివింగ్. ఇద్దరూ ఒకే కాగితం మీద అన్నీ రాసుకుని ఖాళీ ఎక్కడుందో వెతకండి. చాలాసార్లు సెప్టెంబర్ మధ్య నుంచి అక్టోబర్ చివరిదాకా, దసరా సెలవులు తీసేసి, నాలుగు వారాలు దొరుకుతాయి. స్ప్రింగ్‌లో అయితే ఫిబ్రవరి నెల నమ్మదగినది.

అక్టోబర్‌లో మిషిగన్‌కూ హైదరాబాద్‌కూ తేడా తొమ్మిదిన్నర గంటలు. అక్కడ పొద్దున ఎనిమిదిన్నర అయితే ఇక్కడ సాయంత్రం ఆరు. కాలిఫోర్నియా అయితే పన్నెండున్నర గంటలు. అక్కడ సాయంత్రం ఏడు అయితే ఇక్కడ మర్నాడు పొద్దున ఏడున్నర. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మార్చి రెండో ఆదివారం మళ్లీ ముందుకు. మన దగ్గర ఆ అలవాటు లేదు కాబట్టి ఆ తేదీలు మధ్యలో వస్తే సగంమంది గంట తేడాతో వస్తారు. ప్రాజెక్టును ఆ ఆదివారానికి ముందే ముగించండి.

గడియారం కుదిరినంత మాత్రాన మనిషి కుదరడు. పల్లెనుంచి బస్సులో వచ్చే అమ్మాయి సాయంత్రం ఆరింటికి కాలేజీలో ఉండదు. నాలుగున్నర బస్సు తప్పితే ఇంట్లో టెన్షన్. ఆమె ఇంటినుంచి ఫోన్లో కలవాలి, ఆ టైంకి సిగ్నల్ ఉండాలి, కరెంటు ఉండాలి. అమెరికాలో మీ విద్యార్థి కూడా పార్కింగ్‌లో కారులో కూర్చుని, షిఫ్టు మొదలయ్యేలోపు ఫోన్లోనే చూస్తాడు. అందుకని లైవ్ మీటింగులు రెండే పెట్టుకోండి, మొదటి వారంలో ఒకటి, చివరి వారంలో ఒకటి. మిగతాదంతా ఎవరికి వీలైనప్పుడు వాళ్లు చేసేలా ఉండాలి. రాని వాళ్ల కోసం మీటింగ్ రికార్డింగు ఉంచండి, వాళ్లకు మార్కులు కోయకండి.

నాలుగు వారాల్లో ఏం చేయించాలి

జట్టుకు అయిదారుగురు ఉంటే బాగుంటుంది, రెండు వైపులనుంచీ సమానంగా. పెద్ద జట్టయితే ఇద్దరే మాట్లాడతారు.

మొదటి వారం పరిచయాలు. "మీ హాబీలు ఏమిటి" అని అడిగితే అందరూ ఒకే జవాబు రాస్తారు. దానికి బదులు ఒక నిమిషం వీడియో తీయమనండి: మీ ఇంట్లో తాగే నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో చూపించండి. అమెరికాలో కుళాయి, ఫ్రిజ్‌లో ఫిల్టర్, బాత్రూమ్‌లో టూత్‌పేస్టు. ఇండియాలో ఇంటిముందు మిషన్ భగీరథ నల్లా, మోటారు, వీధి చివర ఆర్వో ప్లాంటు, ఇరవై లీటర్ల క్యాన్. ఈ ఒక్క నిమిషంలో ఇల్లు, వీధి, ఇంట్లోవాళ్ల గొంతులు అన్నీ కనిపిస్తాయి. ఇల్లు చూపించడం ఇష్టం లేనివాళ్లకు గొంతు మాత్రం రికార్డు చేసే వీలు ఇవ్వండి. పేరు ఎలా పలకాలో కూడా అదే వీడియోలో చెప్పమనండి. మనవాళ్ల పేర్లలో ఇంటిపేరు ముందుండి అసలు పేరు చివర ఉంటుంది కాబట్టి అమెరికా విద్యార్థులు ఇంటిపేరుతో పిలిచేస్తారు. ఇది మొదటి రోజే తేలిపోవాలి.

రెండో వారం అంకెలు. అమెరికాలో నీళ్లు సరఫరా చేసే సంస్థలు ఏటా జులై 1 లోపు నీటి నాణ్యత నివేదిక వినియోగదారులకు ఇవ్వాలి. మీ విద్యార్థులు తమ ఊరి నివేదిక వెతికి అందులో ఫ్లోరైడ్ ఎంతో చూడాలి. సొంత బావి ఉన్న ఇళ్లకు అలాంటి నివేదిక రాదు, అది కూడా వాళ్లకు కొత్త సంగతే. ఇండియా విద్యార్థులు బోరు నీళ్లు, నల్లా నీళ్లు, క్యాన్ నీళ్లు మూడూ సీసాల్లో తెచ్చి కాలేజీ ల్యాబ్‌లోనో, ఫీల్డ్ కిట్‌తోనో పరీక్షించాలి. కుదిరితే జిల్లా నీటి పరీక్షల ల్యాబ్‌తో లెక్చరర్ ముందే మాట్లాడి ఉంచాలి. రెండు వైపుల అంకెలూ ఒకే షీట్‌లో పడాలి.

మూడో వారం అసలైనది, దీనిమీద ఎక్కువ సమయం పెట్టండి. అమెరికా ప్రజారోగ్య శాఖ సూచించేది లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. అక్కడి పర్యావరణ సంస్థ పెట్టిన పై హద్దు 4. భారత ప్రమాణం ప్రకారం 1 దాటకూడదు, వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా 1.5. ఇప్పుడు జట్లకు ఒక లెక్క ఇవ్వండి. ఏసీ గదిలో పనిచేసే మనిషి రోజుకు రెండు లీటర్లు తాగితే, 0.7 చొప్పున ఒంట్లోకి వెళ్లేది 1.4 మిల్లీగ్రాములు. మే నెల ఎండలో పొలం పనిచేసే మనిషి 1.5 ఉన్న నీళ్లు నాలుగు లీటర్లు తాగితే 6 మిల్లీగ్రాములు. హద్దు దాటని నీళ్లే, కానీ మోతాదు నాలుగు రెట్లకు పైన. మరి హద్దును లీటరుకు పెట్టాలా, మనిషికి పెట్టాలా? అమెరికాలో కూడా 2015 వరకు సిఫారసు 0.7 నుంచి 1.2 దాకా ఊరి వేడిమిని బట్టి మారేది. వేడి ఊళ్లకు తక్కువ, చలి ఊళ్లకు ఎక్కువ. ఇది చెప్పకుండా ఉంచి, "ఎండ ఎక్కువున్న ఊరికి హద్దు మారాలా?" అని అడిగి జట్లనే వాదించుకోనివ్వండి. తర్వాత చూపించండి.

ల్యాబ్ ఉన్న క్లాసులకు ఇదే వారంలో నల్గొండ టెక్నిక్ చేయించవచ్చు. ఫ్లోరైడ్ ప్రమాణ ద్రావణాన్ని పలచగా చేసి, సున్నం, పటిక వేసి, కలిపి, తేరుకోనిచ్చి, వడపోసి, ముందూ వెనకా కొలవడం. ల్యాబ్ భద్రతా నియమాలు మామూలే. కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోండి. పటిక వేసిన నీళ్లలో మిగిలే అల్యూమినియం వల్ల రంగు పోల్చే కిట్ తప్పు రీడింగు చూపించవచ్చు. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ ఉంటే సరైన బఫర్‌తో దాన్నే వాడండి. లేకపోతే ఆ తప్పు ఎందుకొస్తుందో రాయడాన్నే ప్రశ్నగా ఇవ్వండి. రెండు కాలేజీల రీడింగులూ కలవకపోతే కంగారుపడకండి. ఎందుకు కలవలేదో జట్టు కలిసి వెతికితే పాఠం బాగా జరిగినట్టే.

నాలుగో వారం ఇద్దరికీ పనికొచ్చే ఒక వస్తువు తయారు చేయాలి. రెండు భాషల్లో ఒక పేజీ కరపత్రం, లేదా మూడు నిమిషాల వీడియో. ఇంగ్లిష్‌లో మీ ఊరివాళ్లకు, తెలుగులో వాళ్ల ఊరివాళ్లకు. చివరి లైవ్ మీటింగ్‌లో ఒక్కో జట్టు చూపిస్తుంది. ఆ కరపత్రం నిజంగా ఊళ్లో ఎవరి చేతికో వెళ్లాలి, పంచాయతీ ఆఫీసు గోడ మీదకో, మీ కాలేజీ క్లినిక్ కౌంటర్ మీదకో.

మార్కులు ఎలా వేయాలి

కోర్సు మొత్తంలో 15 నుంచి 20 శాతం ఇవ్వండి. 5 శాతం ఇస్తే ఉద్యోగం చేసుకునే విద్యార్థి దాన్ని వదిలేస్తాడు, అతని లెక్క అతనికి సరైనదే. రెండు కాలేజీల్లో మార్కులు ఒకేలా ఉండనక్కర్లేదు. కానీ ఒకవైపు తప్పనిసరి, ఇంకోవైపు స్వచ్ఛందం అయితే జట్టు నిలబడదు. ఇది ముందే తేల్చుకోండి.

సబ్జెక్టు పనికి సగం ఇవ్వండి. మిగతా సగం, అవతలివాళ్ల మాట వల్ల నీ ఆలోచన ఎక్కడ మారింది, ఎక్కడ మారలేదు అని రాసే ఒక పేజీకి. "చాలా నేర్చుకున్నాను, వాళ్లు చాలా మంచివాళ్లు" అన్న రాతకు తక్కువ మార్కులే వేయండి. ఫలానా అంకె, ఫలానా మాట, దానివల్ల నాకు వచ్చిన సందేహం అని రాస్తే ఎక్కువ వేయండి. అమెరికా కాలేజీల సంఘం ఏఏసీఅండ్‌యూ తయారు చేసిన గ్లోబల్ లెర్నింగ్ రూబ్రిక్, అంటే దేనికి ఎన్ని మార్కులో చెప్పే పట్టిక, ఉచితంగా దొరుకుతుంది. మొత్తం వాడితే బరువవుతుంది, రెండు వరుసలు తీసుకుని మీ మాటల్లో రాసుకోండి.

ఫోన్ నంబర్లు, ఫొటోలు

ఇండియాలో అందరూ వాట్సాప్ గ్రూపు అంటారు. అమెరికా విద్యార్థుల్లో కొందరు అసలు వాట్సాప్ వాడరు, వాడినా ముక్కూముఖం తెలియని వాళ్లకు నంబరు ఇవ్వాల్సిన పని లేదు. పంచుకునే డాక్యుమెంటు, ఒక చర్చా పేజీ చాలు. మీ కాలేజీ ఆన్‌లైన్ క్లాసులు నడిపే కాన్వాస్‌లోకి బయటివాళ్లకు గెస్ట్ అకౌంట్లు ఇస్తారేమో అడగండి. విద్యార్థుల రికార్డుల గోప్యత కోసం 1974లో వచ్చిన ఫెర్పా అనే అమెరికా చట్టం ప్రకారం మీ విద్యార్థుల మార్కులు, రికార్డులు వాళ్ల రాతపూర్వక అనుమతి లేకుండా అవతలి టీచర్‌కు చూపించకూడదు. ఇండియాలోనూ 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. ఎవరి మార్కులు వాళ్ల దగ్గరే ఉంచి, విద్యార్థి ఒప్పుకున్న వీడియోలు మాత్రమే పంచుకోండి.

ఫ్లోరోసిస్ బాధితుల ఫొటోలు తీసి పంపించవద్దు. నల్గొండ పల్లెల్లో వంగిపోయిన మనుషుల దగ్గరికి కెమెరాలు చాలాసార్లు వెళ్లాయి. వాళ్లు మన అసైన్‌మెంటుకు బొమ్మలు కాదు. ఎవరైనా తమంతట తాము మాట్లాడతామంటే గొంతు రికార్డు చేయండి. వాళ్లు చెప్పేది ఏ పనికి వాడతామో తెలుగులో వివరించి, ఒప్పుకున్నాకే వాడండి. ఈ విషయంలో నేను ఎవరికీ సడలింపు ఇవ్వను.

మాట కలవనప్పుడు

మొదటి మీటింగ్‌లో డిగ్రీ విద్యార్థులు మౌనంగా ఉంటారు. ఇంగ్లిష్ రాక అనుకోకండి. వాళ్ల సార్ లేదా మేడమ్ స్క్రీన్ మీద ఉన్నారు, తప్పు మాట్లాడితే బాగుండదన్న జంకు. ఇద్దరు టీచర్లూ పది నిమిషాల తర్వాత మీటింగ్‌లోనే జట్టుకో చిన్న గది (బ్రేకౌట్ రూమ్) చేసి బయటికి వచ్చేయండి. మీ విద్యార్థులు మిమ్మల్ని పేరు పెట్టి పిలవడం వాళ్లకు అమర్యాదగా తోచవచ్చు. వాళ్లు ప్రతి వాక్యానికీ సార్ అనడం వీళ్లకు వింతగా ఉండవచ్చు. మీటింగుకు ముందే రెండు క్లాసుల్లోనూ రెండు మాటలు చెబితే సరిపోతుంది.

మీకు తెలుగు వచ్చు కాబట్టి ప్రతి సందులోకీ దూరి అనువాదం చేయాలనిపిస్తుంది. ఆగండి. "మళ్లీ చెప్పగలరా?", "మీరు అన్నది ఇదేనా?" అని విద్యార్థులే అడగడం నేర్చుకోవాలి. స్పానిష్ మాట్లాడే ఇంట్లో పుట్టి, ఇంగ్లిష్‌లో తడబడుతూ ఎదిగిన మీ విద్యార్థి ఈ పని మీకన్నా బాగా చేస్తాడు.

కులం గురించి అమెరికా విద్యార్థి అడుగుతాడు. స్కూళ్లలో తుపాకుల గురించి తెలుగు విద్యార్థి అడుగుతాడు. అడగనివ్వండి, కానీ ఒకరి కులం ఏమిటని, ఒకరి మతం ఏమిటని నిలదీసే ప్రశ్నలు వద్దని నియమం పెట్టండి. నీళ్ల అంశంలోకే వెళితే, ఊళ్లో నల్లా ఏ వీధికి ముందు వచ్చింది, ఏ వీధికి తర్వాత వచ్చింది అన్న ప్రశ్న కులాన్ని పేరు పెట్టకుండానే చర్చలోకి తెస్తుంది. మిషిగన్‌లోనే ఉన్న ఫ్లింట్‌లో 2014 తర్వాత సీసం కలిసిన నీళ్లు ఎవరి ఇళ్లకు వచ్చాయి అన్నది దానికి జోడీ ప్రశ్న.

ప్రయాణం, అతిథులు

ఆన్‌లైన్ పని ఒకటి రెండుసార్లు బాగా నడిచాక, ఎవరైనా వెళ్లగలిగితే దారి చూపించండి. తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ తీసుకునే అమెరికా పౌరులకు గిల్మన్ స్కాలర్‌షిప్ ఉంది. సాధారణంగా 5,000 డాలర్ల వరకు ఇస్తారు, కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులూ అర్హులే. నిబంధనలు ఏడాదికోసారి చూసుకోండి. చాలామంది ఆగిపోయేది మొదటి పాస్‌పోర్టు దగ్గరే. ఆ ఖర్చు భరించేలా కాలేజీకి విరాళాలు సేకరించే ఫౌండేషన్‌ను అడగండి. ఇది చిన్న మొత్తమే, కాబట్టి ఒప్పుకునే అవకాశం ఎక్కువ. వెళ్లలేని వాళ్లు క్లాసులో ఉన్నారని గుర్తుపెట్టుకుని, ఈ ప్రకటన అందరి ముందూ గొప్పగా చేయకండి.

అటునుంచి మనిషిని రప్పించాలంటే ఫుల్‌బ్రైట్ స్కాలర్ ఇన్ రెసిడెన్స్ అనే పథకం ఉంది. అప్లికేషన్ పెట్టుకోవలసింది అమెరికా కాలేజీయే. ఇలాంటి పథకాలకు డబ్బు ప్రభుత్వం చేతిలో ఉంటుంది, ఒక ఏడాది ఉన్నది మరో ఏడాది ఉండకపోవచ్చు. అందుకే మీ పని గ్రాంటు మీద ఆధారపడకూడదు.

డీన్‌తో మాట్లాడటం, వచ్చే ఏడాదికి ఉంచడం

డీన్ దగ్గరికి వెళ్లేటప్పుడు ప్రపంచ పౌరసత్వం గురించి పెద్ద మాటలు వద్దు. కోర్సు లక్ష్యాల్లో ఫలానా రెండు దీనివల్ల నెరవేరుతాయి, కొత్త ఖర్చు ఇంత, మధ్యలో కోర్సు వదిలేసినవాళ్లు ఎందరో పోల్చి చూపిస్తాను అని చెప్పండి. అడ్జంక్టులైతే ప్లానింగ్‌కు పెట్టే గంటలకు స్టైపెండ్ అడగడానికి మొహమాటపడకండి. ప్రొఫెషనల్ డెవలప్‌మెంట్ నిధుల్లోంచి ఇచ్చే వీలు ఉండవచ్చు. ఇవ్వకపోతే నాలుగు వారాలను రెండుకు తగ్గించి చేయండి. ఒక వీడియో, ఒక లెక్క, ఒక పేజీ రాత. అది కూడా విలువైనదే.

సెమిస్టర్ ముగిసిన వారంలోపే అవతలి టీచర్‌తో గంట మాట్లాడి, ఏది తీసేయాలో, ఏది ఉంచాలో రాసుకోండి. అడ్జంక్ట్‌కు వచ్చే సెమిస్టర్ సెక్షన్ దొరకకపోవచ్చు, డిగ్రీ లెక్చరర్‌కు బదిలీ రావచ్చు. అందుకని వారం వారం ప్లాన్, ప్రశ్నపత్రం, మార్కుల పట్టిక, రెండు క్యాలెండర్లు, అనుమతి పత్రం నమూనా అన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, మీ డిపార్ట్‌మెంట్‌లో ఇంకొకరికి, అక్కడ ఇంకొకరికి ఇవ్వండి. తర్వాతి తేదీలు కూడా ఆ ఫోన్‌లోనే ఖాయం చేసుకోండి. దసరా సెలవుల తేదీలు ప్రకటించగానే మొదటి లైవ్ మీటింగ్ ఏ రోజో ఇద్దరూ రాసి పెట్టుకోండి.